కారు వటవర్లపల్లిలో.. కీ దిండిలో! శ్రీశైలం ట్రిప్‌లో నా పరువు పోయిన కథ

ఫ్రెండ్స్, ఈ సైట్‌లో ఇప్పటిదాకా నేను వేరేవాళ్ళు చేసిన గ్యాడ్జెట్లలో తప్పులు వెతికాను. ఈసారి రివ్యూ నా మీద. రేటింగ్ ముందే చెప్పేస్తా, 5కి 1. ఆ ఒక్కటి కూడా చివర్లో నిజం ఒప్పుకున్నందుకు.

ఫిబ్రవరి చివర్లో మా కార్ క్లబ్ వాళ్ళం 9 కార్లలో హైదరాబాద్ నుంచి శ్రీశైలం డ్యామ్ దాకా వెళ్ళి, అదే రోజు తిరిగి రావాలని ప్లాన్ చేశాం. తుక్కుగూడ దగ్గర పొద్దున 5:30కి కలిశాం. అక్కడి నుంచి కడ్తాల్, ఆమనగల్, దిండి, మన్ననూర్, తర్వాత నల్లమల అడవి. ఈ రూట్‌లో డ్రైవ్ చేసినవాళ్ళకి తెలుసు, మన్ననూర్ దాటాక రోడ్డూ మారుతుంది, గాలీ మారుతుంది. అది అమ్రాబాద్ టైగర్ రిజర్వ్. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా అడవిలోకి బండ్లు వదలరు. ఈ 9 గంటల సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

నాతో పాటు నాన్న కూడా వచ్చారు. ఆయన ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైర్ అయ్యారు. ఆయన దృష్టిలో నా కారు కారు కాదు, "చక్రాలున్న సెల్‌ఫోన్". క్లబ్‌లో మాత్రం నా ఇమేజ్ వేరు. ఎవరు డాష్‌క్యామ్ కొనాలన్నా, ఎవరి ఆండ్రాయిడ్ ఆటో కనెక్ట్ అవ్వకపోయినా నాకే ఫోన్ చేస్తారు. ఆ రోజు టిఫిన్ బ్రేక్‌లో కూడా అదే జరిగింది. ఇడ్లీ ప్లేట్ ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో ఫోన్ యాప్ తీసి, 50 అడుగుల దూరంలో ఉన్న నా కారుని స్టార్ట్ చేసి చూపించా. ఏసీ ఆన్ అయింది. కుర్రాళ్ళంతా "వావ్ అన్నా" అన్నారు.

నేను ఆగొచ్చుగా? ఆగలేదు. "కీ అనేది ఇక పాత కథ తమ్ముడూ. ఇంకో రెండేళ్ళలో కీ చైన్లు అమ్మేవాళ్ళు షాపులు మూసేసుకుంటారు" అన్నా. నాన్న సాంబార్ పోసుకుంటూ నా వైపు ఓ చూపు చూశారు, ఏమీ అనలేదు.

బీప్.. బీప్.. బీప్..

అసలు ప్రాబ్లమ్ ఎక్కడ మొదలైందో చెప్తా. సాయంత్రం 4 గంటలకి డ్యామ్ కనిపించే చోట ఆగాం. ఎండాకాలం ముందు కదా, 12 గేట్లూ మూసే ఉన్నాయి. నీళ్ళు దూకకపోయినా ఆ గోడ, కింద కృష్ణమ్మ లోయ చూస్తే చాలు. నాన్నకి ఎండ పడదని ఇంజిన్ ఆన్‌లో ఉంచి, ఏసీ వేసి, ఆయన్ని కార్లోనే కూర్చోబెట్టి నేను దిగా.

మా క్లబ్‌లో ఫొటోలు తీసే కుర్రాడొకడు ఉన్నాడు. వాడి ట్రైపాడ్ బ్యాగ్ పొద్దున్నుంచి నా డిక్కీలో ఉంది. "అన్నా, డిక్కీ ఓపెన్ చేస్తావా" అన్నాడు. నేను డ్రోన్ గురించి ఎవరికో క్లాస్ పీకుతున్నా. క్లాస్ ఆపకుండానే జేబులోంచి కీ తీసి వాడి చేతిలో పెట్టా. వాడు డిక్కీ తీసి, ట్రైపాడ్ బయటికి లాగి, రెండు చేతులూ ఖాళీ లేక కీని ఆ బ్యాగ్ సైడ్ జేబులో వేశాడు. అంతే. ఇద్దరం మర్చిపోయాం.

గ్రూప్ ఫొటో అయింది. ట్రైపాడ్ బ్యాగ్ వాడితో పాటు వాడు వచ్చిన కార్లోకి వెళ్ళింది. 4:30కి వాకీ టాకీలో "అందరూ కదలండి" అని వినిపించింది. నేనూ ఎక్కా. డోర్ వేశా. కారు మూడుసార్లు బీప్ కొట్టింది. క్లస్టర్‌లో పసుపు రంగులో ఏదో మెసేజ్ వచ్చింది. నేను చదవకుండానే స్టీరింగ్ మీద ఓకే బటన్ నొక్కేశా.

ఎందుకు నొక్కానో చెప్తా, ఇది మీకూ జరిగే ఉంటుంది. పొద్దున్నుంచి ఆ కారు బీప్ కొడుతూనే ఉంది. 80 దాటితే ఓ బీప్. లేన్ గీత తగిలితే ఓ బీప్. వెనక సీట్లో బ్యాగ్ పెడితే, అది మనిషనుకుని సీట్ బెల్ట్ పెట్టుకోమని ఓ బీప్. రోజంతా అరిచే మనిషి చివరికి "నిప్పంటుకుంది" అని అరిచినా ఎవరూ పట్టించుకోరు. నేనూ పట్టించుకోలేదు.

కీ లేకుండా కారు ఎలా నడిచింది?

ఇక్కడ కొంచెం టెక్నికల్‌గా వెళ్దాం. చాలామందికి ఉండే డౌట్ ఇది: కీ కార్లో లేకపోతే ఇంజిన్ ఆగిపోవాలి కదా?

ఆగదు. కీలెస్ కార్లో తలుపుల దగ్గర, క్యాబిన్‌లో, డిక్కీ వైపు చిన్న చిన్న యాంటెన్నాలు ఉంటాయి. మీరు హ్యాండిల్ ముట్టుకున్నప్పుడో, స్టార్ట్ బటన్ నొక్కినప్పుడో అవి సుమారు 125 కిలోహెర్ట్జ్ దగ్గర లో ఫ్రీక్వెన్సీ సిగ్నల్ పంపుతాయి. ఇది మహా అయితే ఒకట్రెండు మీటర్లే వెళ్తుంది, అందుకే కీ లోపలుందా బయటుందా అని కారు కనిపెట్టగలుగుతుంది. ఆ సిగ్నల్‌కి నిద్రలేచిన కీ, సాధారణంగా 433 మెగాహెర్ట్జ్ మీద ఒక ఎన్‌క్రిప్టెడ్ జవాబిస్తుంది. జవాబు కరెక్ట్ అయితే ఇమ్మొబిలైజర్ తెరుచుకుని ఇంజిన్ స్టార్ట్ అవుతుంది.

కానీ ఒకసారి స్టార్ట్ అయ్యాక, కీ దూరమైందని కారు ఇంజిన్ ఆపేయదు. కారణం సేఫ్టీ. ఘాట్ రోడ్డు మలుపులో ఉన్నప్పుడు కీ బ్యాటరీ అయిపోయిందనుకోండి, ఇంజిన్ ఆగిపోతే పవర్ స్టీరింగ్ బిగుసుకుంటుంది, కాసేపటికి బ్రేక్ బూస్ట్ కూడా పోతుంది. అది ప్రాణాల మీదకి తెస్తుంది. అందుకే కంపెనీలు "బీప్ కొట్టి చెప్తాం, నడపడం మాత్రం ఆపం" అనే దారిని ఎంచుకున్నాయి. లాజిక్ కరెక్టే. బీప్ వినే మనిషి కరెక్ట్‌గా ఉండాలి, అంతే.

అలా నేను కీ లేకుండా, హాయిగా పాటలు వింటూ, ఈగలపెంట, దోమలపెంట దాటుకుంటూ వచ్చేశా.

టీ బ్రేక్

5:45కి వటవర్లపల్లిలో టీకి ఆగాం. ఫొటోల కుర్రాడు ఉన్న కారు మాత్రం ఆగలేదు. వాడికి ఆ రాత్రి 9:30కి సపోర్ట్ షిఫ్ట్ ఉంది, ఇంటికెళ్ళి లాగిన్ అవ్వాలి. హారన్ కొట్టి, చెయ్యి ఊపి వెళ్ళిపోయారు. నేనూ ఊపా. వెళ్తున్నది నా కీ అని తెలిస్తే ఇంకాస్త గట్టిగా ఊపేవాణ్ణి.

ఇంజిన్ ఆపి దిగా. హ్యాండిల్ మీద బటన్ నొక్కితే కారు లాక్ అవ్వలేదు, మళ్ళీ బీప్. "ఈ సెన్సర్ ఎప్పుడూ ఇంతే" అని తిట్టుకుని వదిలేశా. లెక్కపెట్టండి, ఇది రెండో వార్నింగ్.

6:05కి అందరూ కార్లెక్కారు. నేను స్టార్ట్ బటన్ నొక్కా. క్లస్టర్‌లో కీ బొమ్మ, దాని మీద అడ్డంగా గీత. కారులో కీ లేదు.

జేబులు తడుముకున్నా. ఒక్క సెకనులో డ్యామ్ దగ్గర సీన్ మొత్తం కళ్ళ ముందు తిరిగింది. కీ, వాడి చెయ్యి, డిక్కీ, ట్రైపాడ్ బ్యాగ్. గొంతు ఎండిపోయింది.

"కీ ఏదిరా?" అన్నారు నాన్న. మొదటి ప్రశ్నే అది.

"ఉంది నాన్నా, ఉండు" అన్నా పళ్ళు బిగించి.

ఫోన్ యాప్ తీశా. పొద్దున ఇడ్లీ తింటూ చూపించిన అదే యాప్. చక్రం తిరిగింది, తిరిగింది, తిరుగుతూనే ఉంది. అడవిలో నా ఫోన్‌కి సిగ్నల్ లేదు. కార్లో ఉన్న ఈసిమ్‌కీ లేదు. ఆ యాప్ పనిచేయాలంటే ఫోన్ నుంచి సర్వర్‌కి, సర్వర్ నుంచి కారుకి, రెండు వైపులా నెట్‌వర్క్ ఉండాలి. ఇంకో ముక్క కూడా చెప్తా. ఒకవేళ సిగ్నల్ దొరికి ఇంజిన్ స్టార్ట్ అయినా లాభం లేదు. నా కార్లో రిమోట్ స్టార్ట్ ఏసీ కోసమే. గేర్ వెయ్యాలంటే కీ లోపల ఉండాల్సిందే. ఇది యూజర్ మాన్యువల్‌లో ఉంది. నేను ఆ ఫీచర్ గురించి రాసిన ఆర్టికల్‌లో మాత్రం లేదు.

స్పేర్ కీ సంగతా? ఇంట్లో డ్రాయర్‌లో ఉంది. ప్లాస్టిక్ కవర్ కూడా తీయలేదు.

అసలు తప్పు ఇక్కడ చేశా

కీ మర్చిపోవడం ఎవరికైనా జరుగుతుంది. ఆ మాట చెప్పి ఉంటే నవ్వుకునేవాళ్ళు, అంతే. కానీ కిటికీ దగ్గరికి నలుగురు కుర్రాళ్ళు వచ్చి "ఏమైంది అన్నా?" అని అడిగేసరికి, పొద్దున కీ చైన్ల షాపుల గురించి కొట్టిన డైలాగ్ గుర్తొచ్చింది. నా నోటి నుంచి ఏం వచ్చిందంటే..

"బ్యాటరీ వీక్ అయినట్టుంది."

అబద్ధం. చాలా చిన్న అబద్ధం అనుకున్నా. ఐదు నిమిషాలు టైమ్ దొరికితే ఎలాగోలా ఆ కుర్రాడికి ఫోన్ చేసి మేనేజ్ చేద్దామని నా ప్లాన్.

కానీ కార్ క్లబ్ అంటే ఏంటో తెలుసుగా? బ్యాటరీ వీక్ అని వినగానే 7 కార్లలోంచి 15 మంది దిగారు. ఒకడు బానెట్ ఎత్తాడు. ఒకడు జంపర్ కేబుల్స్ తెచ్చాడు. ఇంకొకడు తన కారుని రివర్స్ తీసుకుని, రోడ్డు పక్క మట్టిలో కష్టపడి నా కారు ముక్కుకి ముక్కు ఆనించేలా పెట్టాడు. ఎర్ర క్లిప్ ప్లస్‌కి, నల్ల క్లిప్ ఇంజిన్ మెటల్‌కి, పద్ధతిగా తగిలించారు. "ఇప్పుడు కొట్టు బ్రో!"

నొక్కా. కీ బొమ్మ.

"లోపల లైట్లు ఇంత బ్రైట్‌గా వెలుగుతున్నాయి, బ్యాటరీ ఎలా పోతుంది?" అన్నాడొకడు. మంచి ప్రశ్న. "స్టార్టర్‌కి సరిపడా కరెంట్ రావట్లేదేమో" అన్నా. ఇంకొకడు "నేను కూర్చుని చూస్తా, లే" అన్నాడు. లేస్తే క్లస్టర్ చూస్తాడు. లేవలేదు. సీటుకి అతుక్కుపోయా.

పక్క సీట్లోంచి నాన్న మెల్లగా, "ఏదో తాళం బొమ్మ వస్తోంది చూడరా" అన్నారు.

"అది మామూలే నాన్నా."

ఆయన ఇంకేం మాట్లాడలేదు. కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. దశాబ్దాల పాటు ఇదే రోడ్డు మీద బస్సు నడిపిన మనిషి. బ్రేక్‌డౌన్ అయినప్పుడు ప్రయాణికులకి ఏం చెప్పాలో, ఎలా చెప్పాలో ఆయనకి తెలుసు. నాకు ఆ క్షణంలో ఏసీ లేకపోయినా చెమట పట్టింది ఎండకి కాదు.

ఇలా 35 నిమిషాలు గడిచాయి. చీకటి పడుతోంది. టీ కొట్టు అక్క లైట్ వేసింది. 9 లోపు మన్ననూర్ చెక్‌పోస్ట్ దాటాలి.

వాకీ టాకీలో వచ్చిన మెసేజ్

మా క్లబ్ అడ్మిన్‌ని అందరం పెద్దన్న అంటాం. ఆయన రోడ్‌సైడ్ అసిస్టెన్స్‌కి నా తరఫున ఫోన్ చేద్దామని, సిగ్నల్ కోసం రోడ్డు మీద ముందుకు నడుచుకుంటూ ఎత్తు మీదకి వెళ్ళారు. టీ కొట్టు అక్క "అక్కడైతే ఒకట్రెండు గీతలొస్తాయి" అని చెప్పిందట.

సరిగ్గా 6:40కి కార్లన్నిటిలోని వాకీ టాకీలు ఒకేసారి గరగరమన్నాయి. మేం వాడేవి లైసెన్స్ అక్కర్లేని 446 మెగాహెర్ట్జ్ బ్యాండ్ సెట్లు. ఫోన్లు చచ్చిన చోట ఇవి బతుకుతాయి. వాటికి అందరూ ఒకే ఛానెల్‌లో వింటారన్న సుగుణం కూడా ఉంది.

"అందరూ వినండి.. గ్రూప్‌లో ఒక ఫొటో వచ్చింది. మన ఫొటోల తమ్ముడు పెట్టాడు. ట్రైపాడ్ బ్యాగ్‌లో ఒక కారు కీ దొరికిందంట, ఎవరిదో చూసుకోమంటున్నాడు.." కాసేపు ఆగారు. "కీ చైన్ మీద మన గ్యాడ్జెట్ గురువు గారి వెబ్‌సైట్ లోగో ఉంది. ఓవర్."

బానెట్ కింద వంగిన నలుగురూ ఒకేసారి తలెత్తి నా వైపు చూశారు. జంపర్ కేబుల్ పట్టుకున్నవాడు దాన్ని అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. ముందు ఎవరో ఒకరు కిసుక్కున నవ్వారు. తర్వాత 15 మందీ నవ్వారు. టీ కొట్టు అక్కకి విషయం ఎవరు చెప్పారో గానీ, ఆమె కూడా.

నవ్వు నన్ను అంత బాధపెట్టలేదు. నవ్వంతా అయ్యాక జంపర్ కేబుల్స్ తెచ్చినవాడు, చేతులకి అంటిన నల్లటి మసి తుడుచుకుంటూ, "నీకు ముందే తెలుసా అన్నా?" అని మామూలుగా అడిగాడు. ఆ ప్రశ్న బాధపెట్టింది.

"తెలుసు" అన్నా. "స్టార్ట్ బటన్ నొక్కినప్పుడే తెలుసు. సిగ్గేసి చెప్పలేదు. సారీ."

అబద్ధానికి డబుల్ వడ్డీ

పెద్దన్న అదే ఎత్తు మీద నుంచి ఆ కుర్రాడికి ఫోన్ చేశారు. వాళ్ళు అప్పటికే అడవి దాటి దిండి దగ్గర ఉన్నారు. వెంటనే కారు వెనక్కి తిప్పారు.

ఇక్కడ చిన్న లెక్క ఉంది. 6:05కే నేను నిజం చెప్పి, అప్పుడే ఎవరో ఒకరు ఆ ఎత్తు ఎక్కి ఉంటే, వాళ్ళు మన్ననూర్ పరిసరాల్లోనే దొరికేవాళ్ళు. నేను దాచిన 35 నిమిషాల్లో వాళ్ళు 35 నిమిషాల దూరం ముందుకెళ్ళారు. ఆ దూరం మళ్ళీ వెనక్కి రావాలి. అంటే నా అబద్ధం ఖరీదు 70 నిమిషాలు. అదీ నాది కాదు, వాళ్ళది.

7:50కి హెడ్‌లైట్లు కనిపించాయి. కుర్రాడు దిగి పరిగెత్తుకుంటూ వచ్చి, "సారీ అన్నా, నేనే ఇవ్వడం మర్చిపోయా" అన్నాడు. నా తప్పుకి వాడు సారీ చెప్తున్నాడు! "నువ్వు సారీ చెప్పకురా" అని కీ తీసుకున్నా. వాడు షిఫ్ట్‌కి అందుకోలేడని మేనేజర్‌కి అప్పటికే మెసేజ్ పెట్టేశాడు. ఆ రోజుకి లీవ్ పోయింది. నవ్వుతూనే చెప్పాడు గానీ, ఉద్యోగంలో చేరి నాలుగు నెలలే అయినవాడికి లీవ్ విలువ ఎంతో నాకు తెలుసు.

స్టార్ట్ బటన్ నొక్కితే ఇంజిన్ మొదటిసారికే ఆన్ అయింది. బ్యాటరీ సూపర్ కండిషన్‌లో ఉంది. దాన్ని అనవసరంగా అనుమానించా.

అడవిలో స్పీడ్ వెళ్ళకూడదు, జంతువులు రోడ్డు దాటుతుంటాయి. నెమ్మదిగానే వచ్చి 8:40కి చెక్‌పోస్ట్ దాటాం. దాకా కార్లో ఇద్దరం మౌనం. దాటాక నాన్న అన్నారు: "బస్సు ఆగిపోతే ముందు దిగి జనానికి చెప్పేసేవాణ్ణిరా. తిట్టేవాళ్ళు తిట్టేవాళ్ళు. కానీ తోసేటప్పుడు వాళ్ళే తోసేవాళ్ళు."

మీరు ఇలా చెయ్యకుండా ఉండాలంటే

సరే, ఇది రివ్యూ సైట్ కాబట్టి పనికొచ్చే నాలుగు ముక్కలు చెప్పి ముగిస్తా.

ఇంజిన్ ఆన్‌లో ఉండగా కీ ఎవరి చేతికీ ఇవ్వొద్దు. డిక్కీ తియ్యాలంటే మీరే వెళ్ళండి. లేదంటే ముందు ఇంజిన్ ఆపండి. అప్పుడు కీ లేకపోతే అక్కడికక్కడే తెలుస్తుంది.

స్పేర్ కీ ట్రిప్‌కి తీసుకెళ్ళండి, కానీ కార్లో వదిలెయ్యొద్దు. లోపల కీ ఉంటే కొన్ని కార్లు లాక్ అవ్వవు, కొన్ని అయితే ఎవరు బటన్ నొక్కినా స్టార్ట్ అవుతాయి. పక్కన వచ్చే మనిషి జేబులో ఉంచండి. ఇప్పుడు మా స్పేర్ కీ నాన్న దగ్గరే ఉంటుంది. ఆయన దానికి తాడు కట్టుకున్నారు.

కనెక్టెడ్ యాప్ వేరు, డిజిటల్ కీ వేరు. యాప్‌కి ఇంటర్నెట్ కావాలి. కొన్ని కార్లలో వచ్చే అసలైన డిజిటల్ కీ మాత్రం ఎన్ఎఫ్‌సీ, బ్లూటూత్, అల్ట్రా వైడ్‌బ్యాండ్ మీద ఫోన్‌కీ కారుకీ మధ్య నేరుగా పనిచేస్తుంది, సిగ్నల్ లేని అడవిలో కూడా. కారు కొనేటప్పుడు "ఫోన్‌తో స్టార్ట్ అవుతుంది" అంటే ఈ రెండిట్లో ఏదో అడగండి. నేను గతంలో ఈ తేడా చెప్పకుండా రాశా. ఆ ఆర్టికల్ సరిచేశా.

కీ బ్యాటరీ అయిపోతే భయపడొద్దు. చాలా కీల లోపల డోర్ తెరవడానికి ఒక లోహపు తాళంచెవి దాగి ఉంటుంది. కీని స్టార్ట్ బటన్‌కి ఆనించి నొక్కితేనో, మాన్యువల్‌లో చెప్పిన చోట పెడితేనో, బ్యాటరీ లేకున్నా లోపలి చిప్‌ని కారు చదవగలదు. మీ కార్లో అది ఎక్కడో ఇవాళే ఇంటి దగ్గర ట్రై చేసి చూడండి. చాలా కీలలో సీఆర్2032 లాంటి కాయిన్ సెల్ వాడతారు. మీ కీలో ఏది ఉందో చూసుకుని, ఒకటి ఎక్స్‌ట్రా కొని పెట్టుకోండి.

అక్కర్లేని బీప్‌లు తగ్గించుకోండి. వెనక సీట్లో బ్యాగ్ ఉంటే డిక్కీలోకి మార్చండి. మోత ఎంత తగ్గితే, నిజమైన వార్నింగ్ అంత బాగా వినిపిస్తుంది. డోర్ వేశాక వచ్చే మెసేజ్ చదివాకే ఓకే నొక్కండి.

ఇక చివరిది ఏ మాన్యువల్‌లోనూ ఉండదు. తప్పు జరిగితే మొదటి నిమిషంలోనే చెప్పేయండి. మొదటి నిమిషంలో అది జోక్. 35వ నిమిషంలో అది వేరొకరి లీవ్.

తర్వాతి నెల మళ్ళీ డ్రైవ్‌కి వెళ్ళాం, ఈసారి అనంతగిరి కొండలకి. ఆ కుర్రాడికి రోజంతా పెట్రోలు, తిండి, టీ అన్నీ నావే. తుక్కుగూడలో మొదలైన ఆచారం ఒకటి ఇప్పుడు మా క్లబ్‌లో రూల్ అయిపోయింది. బయల్దేరే ముందు పెద్దన్న వాకీ టాకీలో "కీలు?" అంటారు. ఒక్కో కారు వరసగా "ఉంది", "ఉంది" అంటూ జవాబివ్వాలి.

నా వంతు వచ్చినప్పుడు మాత్రం "ఉంది" అంటే ఒప్పుకోరు. కీని వాకీ టాకీ దగ్గర పెట్టి గలగలలాడించి వినిపించాలి.